తమ్ముడితో మాటల్లేవు, దైవప్రేమ మీద వాక్యం చెప్పమంటున్నారు

చెన్నై పెరంబూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. వయసు నలభై ఆరు, పుట్టిల్లు ఒంగోలు. పెళ్లయినప్పటి నుంచీ చెన్నైలోనే ఉంటున్నారు. అక్కడి తెలుగు సంఘంలో, స్త్రీల సమాజంలో అన్ని పనులకూ ముందుండే మనిషి. డిసెంబరు మూడో శనివారం, పండగకి ముందు జరిపే సెమీ క్రిస్మస్ కూడికలో పదిహేను నిమిషాలు వాక్యం చెప్పమని పాస్టరమ్మగారు ఆమెని అడిగారు. అంశం కూడా వాళ్లే ఇచ్చారు: దైవప్రేమ. సరేనన్న రోజు నుంచీ ఈమెకి నిద్ర పట్టడం లేదు.

కారణం తమ్ముడు. తండ్రి ఐదేళ్ల కిందట పోయారు, వీలునామా రాయలేదు. ఉన్నదల్లా ఒంగోలులో నాలుగు సెంట్లలో కట్టిన డాబా ఇల్లు. నెల తిరక్కముందే తమ్ముడు బ్యాంకు లోనుకని చెప్పి అక్కనీ అమ్మనీ రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకాలు పెట్టించాడు. రెండేళ్ల కిందట ఇంటిపన్ను రసీదు చూస్తే దాని మీద అతని పేరొక్కటే ఉంది. తాము సంతకం చేసింది హక్కు విడుదల దస్తావేజు అని అప్పుడు తెలిసింది. ఫోన్లో మాటా మాటా పెరిగింది. 'ఆడపిల్లకి పెళ్లిలో పెట్టిందే వాటా' అంది మరదలు. ఆ రోజు నుంచి మాటల్లేవు, రాకపోకల్లేవు.

అమ్మ కొడుకు దగ్గరే ఉంటోంది, క్రిస్మస్‌కి రమ్మని ఫోన్లో ఏడుస్తోంది. భర్తేమో 'తప్పు చేసినవాడు రావాలి గాని మనం వెళ్లడమేమిటి' అంటున్నారు. పాస్టరుగారు 'క్షమించెయ్యమ్మా, దేవుడే చూసుకుంటాడు' అన్నారు. ఆమె రాసిన మాటలివి: "కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ చెబుతాను, వాడి పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. నేను దేవుడి ప్రేమ గురించి ఎలా మాట్లాడను? మాట్లాడాలంటే ముందు ఇల్లు వదిలేసుకోవాలా?" చివర్లో చిన్న ప్రశ్న: మేనకోడలికి తొమ్మిదేళ్లు, క్రిస్మస్ గౌను కొందామని రెండుసార్లు షాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను, కొననా వద్దా?

సోదరీ,

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకే ముడిగా పడిపోయాయి. వాక్యం చెప్పే అర్హత ఒకటి, తమ్ముడితో బంధం ఇంకొకటి, ఇంటి మీద హక్కు మరొకటి. ఒక కొస లాగితే మిగతా రెండూ బిగుసుకుంటున్నాయి, అందుకే మీకు ఊపిరాడటం లేదు. వీటి గడువులు కూడా వేరు. వాక్యానికి మూడు వారాలుంది. బంధానికి ఎవరూ గడువు పెట్టలేదు. ఇంటి విషయంలో మాత్రం చట్టం పెట్టిన గడువొకటి ఉంది, అది మీకు తెలిసినట్టు లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు వాక్యం సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. పాస్టరమ్మగారికి ఫోన్ చేసి 'ఈసారికి నన్ను వదిలేయండి, లేఖన పఠనం చేస్తాను' అనవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మూడు వారాల ముందు చెబితే ఆమె ఇంకొకరిని చూసుకుంటారు. నష్టం ఒకటే: ఇంట్లో గొడవ ఉన్న మనిషి బల్ల దగ్గర నిలబడకూడదన్న తీర్పు మీరే మీ మీద రాసుకున్నట్టవుతుంది. వచ్చే ఏడాది దాన్ని కొట్టేయడం ఇంకా కష్టం. రెండోది, ఏమీ కదపకుండా వెళ్లి చక్కగా చెప్పి రావడం. అది మీరు చేయగలరు, వినేవాళ్లకీ తేడా తెలియదు. అయితే 'ఎవడైనను నేను దేవుని ప్రేమించుచున్నానని చెప్పి, తన సహోదరుని ద్వేషించినయెడల అతడు అబద్ధికుడగును' అని యోహాను రాసిన మాట ఇప్పటికే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక అది ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మూడోది, కూడికకి ముందే తమ్ముడి వైపు ఒక్క అడుగు వేసి, అతను ఏమన్నా అనకపోయినా వెళ్లి వాక్యం చెప్పడం. నా మొగ్గు దీనివైపే. నిర్ణయం మాత్రం మీదే.

ఆ మాట ఉన్న యోహాను మొదటి పత్రికలోనే, ఆ హెచ్చరికకి ఒక్క వచనం ముందు, 4వ అధ్యాయం 19లో, 'ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము' అని ఉంది. యోహాను ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. మీరు 20 పట్టుకుని 19 వదిలేశారు. మీ ప్రేమ నిండుకుండ అయ్యాక దేవుడి ప్రేమ గురించి చెప్పాలన్న నియమమే ఉంటే ఏ సంఘంలోనూ ఏ క్రిస్మస్‌కీ వాక్యం ఉండదు. బల్ల దగ్గర నిలబడి మీరు చెప్పేది మీ ప్రేమ గురించి కాదు, మొదట వచ్చినవాడి ప్రేమ గురించి. ఇంకో మాట: కోపం, ద్వేషం ఒకటి కాదు. తమ్ముడికి జబ్బు చేసిందని తెలిస్తే మీరు ఏం చేస్తారో ఒక్కసారి ఆలోచించండి. పరుగెత్తుకుని వెళ్తాననిపిస్తే మీలో ఉన్నది గాయం. 'బాగా అయింది' అనిపిస్తే అప్పుడు ఈ వాక్యం విషయం మరోసారి ఆలోచించుకోవాలి. పేరు దగ్గర గొంతు పట్టేయడం మొదటిదానికే గుర్తని నాకనిపిస్తోంది. అక్కర్లేని మనిషి పేరుకి గొంతు పట్టదు.

ఇప్పుడు వాక్యం ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం. పదిహేను నిమిషాలంటే తక్కువేం కాదు, ఎక్కువా కాదు. సెమీ క్రిస్మస్‌లో వాక్యాలు దారి తప్పేది చాలావరకు ఒకే చోట: జనసంఖ్యతో మొదలై, జ్ఞానుల దగ్గరికి, అక్కడి నుంచి హేరోదుకి, తర్వాత డిసెంబరు 25 తేదీ చర్చకి, శాంతా తాతకి వెళ్లిపోతాయి. ఎనిమిది సంగతులు వింటే వినేవాళ్లకి ఒక్కటీ మిగలదు. తేదీ గురించి ఎవరైనా అడిగితే ఒక్క ముక్క చాలు: లేఖనంలో తేదీ లేదు, రోమాలో నాలుగో శతాబ్దానికల్లా డిసెంబరు 25న ఆచరిస్తున్నారు, ఆర్మేనియన్ సంఘం జనవరి 6న ఆచరిస్తుంది. అంతటితో ముందుకు వెళ్లండి.

మూల వాక్యం ఒక్కటే పెట్టుకోండి. మీ అంశానికి యోహాను 3:16 సహజం. అందరికీ కంఠతా వచ్చిన వచనం కాబట్టి అందరూ వినకుండా వదిలేసే వచనం కూడా అదే. దాన్ని మళ్లీ వినిపించడానికి ఒక దారి చెబుతాను. మన తెలుగు బైబిల్లో 'దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను' అని ఉంది. ఆ 'ఎంతో' ఉన్న చోట మూలభాష గ్రీకులో 'హూతోస్' అన్న మాట ఉంది. దానికి మొదటి అర్థం 'ఈ విధంగా', 'ఇలా'. రెండు వచనాల పైన, మోషే సర్పమును ఎత్తిన మాట దగ్గర, అదే మాటని మన అనువాదకులు 'ఆలాగే' అని పెట్టారు. ఆ రెండూ పక్కపక్కన చదివి వినిపించండి. అప్పుడు వచనం ఇలా నడుస్తుంది: దేవుడు లోకాన్ని ఇలా ప్రేమించాడు, ఎలాగంటే తన కుమారుణ్ణి ఇచ్చాడు. ఎంత అని కొలిచేకంటే ఎలా అని చూడమంటుంది. ఇంత ప్రేమ, అంత ప్రేమ అని నాలుగు నిమిషాలు గొంతు పెంచి చెప్పేకంటే ఈ 'ఎలా' దగ్గర నిలబడితే మీ మాటకి బలం వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చాలామంది 'అగాపే' అన్న గ్రీకు మాట తీసుకుని, అది దేవుడి ప్రేమకి మాత్రమే వాడే ప్రత్యేకమైన మాట అని చెబుతారు. అది నిలబడదు. మూడు వచనాల కింద, 3:19లో, 'మనుష్యులు వెలుగును ప్రేమింపక చీకటినే ప్రేమించిరి' అన్న చోట ఉన్నదీ అదే క్రియ. కాబట్టి ఆ ప్రేమ గొప్పతనం మాటలో లేదు, చేసిన పనిలో ఉంది. గ్రీకు మీద ఆధారపడకుండా ఇచ్చినదాని మీద ఆధారపడండి.

రెండో భాగానికి లూకా 2 నుంచి ఒక్క దృశ్యం తీసుకోండి. 'సత్రములో వారికి స్థలము లేనందున' అన్న మాట విని మనం హోటలు యజమాని తలుపు వేసేసినట్టు నాటికలు వేయిస్తాం. లూకా అక్కడ వాడిన గ్రీకు మాట 'కతలూమ'. అదే మాట 22:11లో పస్కా భోజనం దగ్గర వస్తే మన బైబిల్లో 'విడిది గది' అని ఉంది. మంచి సమరయుడి కథలో నిజంగా డబ్బిచ్చి దిగే చోటు వస్తే లూకా వేరే మాట వాడాడు, తెలుగులో అది 'పూటకూళ్లవాని యిల్లు'. అందుకే బేత్లెహేములో నిండిపోయింది చుట్టాల ఇంటి విడిది గది అయుండవచ్చని చాలామంది పండితులు అంటారు. మన ఆడవాళ్లకి విడిది అంటే వివరించక్కర్లేదు. పెళ్లికి చుట్టాలంతా దిగిపోయి, కాలు పెట్టే చోటు లేక, నిండు నెలల పిల్లని పశువులు కట్టే వైపు సర్దిన ఇల్లు వాళ్ల కళ్లకి కడుతుంది. సొంత చుట్టాల మధ్య చోటు లేకపోవడం మీకు తెలుసు. మీ కథ చెప్పక్కర్లేదు, మీ గొంతులోనే అది పలుకుతుంది. ఈ సంవత్సరం నాటికలో సత్రం యజమాని వేషం కట్టిన పిల్లవాణ్ణి మాత్రం నొప్పించకండి, 'ఇలా కూడా చదవవచ్చు' అని చెబితే సరిపోతుంది.

మూడో భాగం మీ వాక్యానికి గుండెకాయ కావాలి, మీ బాధకి జవాబు కూడా ఇందులోనే ఉంది. యోహాను 1:14: 'ఆ వాక్యము శరీరధారియై, కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను.' నివసించెను అన్న చోట గ్రీకులో గుడారం వేసుకున్నాడు అని ఉంది. దేవుడి ప్రేమ దూరం నుంచి దీవెన పంపలేదు, మన వీధిలోకి వచ్చి కాపురం పెట్టింది. అయితే రావడం ఎలా వచ్చాడు? కృపతో, సత్యంతో, రెండూ నిండుగా. యోసేపుతో దూత యేసు అన్న పేరు చెప్పినప్పుడే 'తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును' అంది. పాపాన్ని పాపం అనకుండా ఆ పేరే పెట్టలేం. మనవాళ్లు ప్రేమ అనగానే కృప ఒక్కటే చెప్పి సత్యాన్ని వదిలేస్తారు, లేదా న్యాయం అనగానే సత్యం పట్టుకుని కృపని బయట నిలబెడతారు. క్రిస్మస్‌లో ఆ రెండూ ఒకే పొత్తిగుడ్డల్లో ఉన్నాయి.

ఒక ఉదాహరణ కావాలంటే మీ సొంత ఊరిలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని కరువుకూలీలకి పని ఇచ్చాడు. అందులో ఎక్కువమంది మాదిగలు. ఆ కాలువే మీ చెన్నై నడిబొడ్డు నుంచి పోతుంది. మన సంఘాల్లో అందరికీ గుర్తున్నది 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందడం. ఆ అంకె చెబితే చప్పట్లు పడతాయి. కాని మీ అంశానికి కావలసింది దానికి ముందు జరిగింది. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, కూడు కోసం ఎవరూ ఒప్పుకోకూడదని. ముందు కూలి, ముందు గంజి. నమ్మకం మాట తర్వాత. ఏదీ తిరిగి అడగకుండా ముందు కదిలిన ప్రేమకి ఒంగోలు ఆడపడుచు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

వీటికి లెక్క వేసుకోండి. చదవడానికి రెండు నిమిషాలు, 'ఇలా' అన్న మాటకి నాలుగు, విడిది గదికి మూడు, కృపాసత్యాలకి నాలుగు, కాలువకి రెండు. బిగ్గరగా గడియారం పెట్టుకుని రెండుసార్లు చెప్పి చూడండి. ఎక్కువైతే కాలువైనా తీసేయండి, విడిదైనా తీసేయండి, కృపాసత్యాలు తీయకండి. ఆ రోజు మీ తమ్ముడి మాట సాక్ష్యంగా గాని, ప్రార్థన మనవిగా గాని ఎత్తకండి. మన కూడికల్లో ప్రార్థన మనవి మర్నాటికల్లా ఊళ్లు దాటుతుంది. చెన్నైలో అన్నది ఒంగోలుకి వెళ్లడానికి ఒక్క ఫోన్ చాలు, అప్పుడు మీరు వేసిన అడుగు వంద అడుగులు వెనక్కి పోతుంది.

ఇక ఆ అడుగు. మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'నాన్నగారి భూస్థాపన రోజు నలుగురిలో వాడిని, నువ్వు సరిగ్గా చూసుంటే నాన్న ఇంకో పదేళ్లు బతికేవాడు అన్నాను, అది వేరే సంగతి' అని రాశారు. సోదరీ, అది వేరే సంగతి కాదు. సంతకాల మోసం ఆ తర్వాత మూడు వారాలకి జరిగింది. ఆ మాట వల్లే అతను మోసం చేశాడనడం లేదు. మోసానికి అది సాకు కాదు, ఆ తప్పు పూర్తిగా అతనిదే. కాని తండ్రిని ఇంట్లో పెట్టుకుని చూసిన కొడుకుని సమాధి దగ్గర అలా అంటే ఆ మాట ఐదేళ్లైనా మానదు.

లేఖనం రెండు పరిస్థితులకీ దారి చెప్పింది. మత్తయి 5:23లో నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉంటే నువ్వు వెళ్లమంది. 18:15లో నీ సహోదరుడు నీ యెడల తప్పు చేస్తే నువ్వు వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు ఆ తప్పు అతనికి చెప్పమంది. మీ ఇద్దరి మధ్య రెండూ ఉన్నాయి, రెంటిలోనూ వెళ్లాల్సింది మీరే. మీ వారు 'తప్పు చేసినవాడే రావాలి' అన్నది లోకరీతిగా న్యాయమే. కాని ఆ లెక్కన దేవుడు కూడా పైనే కూర్చుని ఉండేవాడు, అప్పుడు క్రిస్మస్సే లేదు.

వరుస మాత్రం ముఖ్యం. మొదటి ఫోన్లో మీ తప్పు మాట ఒక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల తర్వాత, అతను ఇంట్లో తీరిగ్గా ఉండే వేళ చూసి చేయండి. వాట్సాప్‌లో రాయకండి, రాసిన మాట మరదలికీ మేనమామలకీ చేరుతుంది, ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. అమ్మని రాయబారం పంపకండి, ఆవిడ ఇద్దరి మధ్యా ఇప్పటికే నలిగిపోయింది. చెప్పాల్సింది ఇంతే: 'నాన్న భూస్థాపన రోజు నిన్ను అనరాని మాట అన్నాను. నాన్నని చూసింది నువ్వే. తప్పు నాది.' దాని వెనక 'కాని' రాకూడదు. 'కాని నువ్వు మాత్రం' అన్న ముక్క తగిలిస్తే ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. ఐదు నిమిషాలు దాటనివ్వకండి. అతను ఇల్లు ఎత్తితే, 'అది కూడా మాట్లాడాలిరా, పండగ అయ్యాక కూర్చుని మాట్లాడదాం' అని ఆపండి. 'క్షమించాను' అన్న మాట ఆ ఫోన్లో వాడకండి. తప్పు ఒప్పుకోని మనిషికి అది దెప్పినట్టే వినిపిస్తుంది.

ఏం జరగవచ్చు? ఏడవవచ్చు. 'ఇప్పుడు గుర్తొచ్చిందా' అనవచ్చు. ఫోన్ ఎత్తకపోవచ్చు. ఎత్తకపోతే మూడు రోజులాగి ఇంకొక్కసారి చేయండి, అంతకంటే వెంటపడితే ఒత్తిడి అవుతుంది. పౌలు రాసింది 'శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి' అని. చేతనైనంత మట్టుకు అన్నాడు గాని అవతలివాళ్ల వంతు కూడా మీరే మోయమనలేదు. పగ వసూలు చేసుకోనని మీ గుండెలో మీరు తీసుకునే నిర్ణయం క్షమ, దానికి మీరొక్కరే చాలు. సమాధానానికి ఇద్దరూ కావాలి. మళ్లీ కాగితం మీద నమ్మి సంతకం పెట్టే నమ్మకానికి ఏళ్లు పడుతుంది, అది లేనంత మాత్రాన మీరు క్షమించనట్టు కాదు.

ఇప్పుడు ఇల్లు. 'దేవుడే చూసుకుంటాడు' అన్నది మంచి మనసుతో అన్నమాటే, కాకపోతే సగం మాట. క్రైస్తవుల వారసత్వానికి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా పోయినవారికి భార్య, పిల్లలు ఉంటే మూడోవంతు భార్యకి, మిగతా రెండు వంతులు పిల్లలకి సమానంగా. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. మీ ఇంట్లో ఇద్దరే పిల్లలు కాబట్టి అమ్మకి, మీకు, తమ్ముడికి ఒక్కో వంతు. పెళ్లిలో పెట్టింది వాటా కింద పోతుందన్న మరదలి మాటకి ఈ చట్టంలో చోటు లేదు.

అబద్ధం చెప్పి రాయించుకున్న దస్తావేజుని రద్దు చేయమని కోర్టుని అడగవచ్చు. దానికి కాలపరిమితి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. మీకు తెలిసి రెండేళ్లు అయిందన్నారు, అంటే మిగిలింది ఏడాది లోపే. ఇంకో నిజం కూడా వినాలి: మీరు స్వయంగా రిజిస్ట్రారు ముందు నిలబడి వేలిముద్ర వేశారు, మోసం జరిగిందని రుజువు చేసే బరువు మీ మీదే ఉంటుంది. అందుకని ఇప్పుడే చేయాల్సింది గొడవ కాదు, కాగితాలు. ఒంగోలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఆ దస్తావేజు నకలు, ఇంటి ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. అమ్మ సంతకం ఏ కాగితం మీద ఉందో, ఆవిడ వంతు కూడా పోయిందో అందులో తేలుతుంది. ఆ కాగితాలతో ఒక వకీలుని కలిసి మీ గడువు తేదీ రాయించుకోండి. మహిళలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తుంది, ఒంగోలులోనూ ఉంది.

ఆ తర్వాత దారులు మీ చేతిలో ఉంటాయి. మనస్ఫూర్తిగా మీ వంతు తమ్ముడికే ఇచ్చేయవచ్చు. కాకపోతే అది తెలిసి ఇవ్వాలి, 'ఇది నీకిస్తున్నానురా' అని చెప్పి ఇవ్వాలి. నోరు మూసుకుని పోగొట్టుకుంటే లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. లేదా మీ వంతు వదిలి, అమ్మ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కుని రిజిస్టరు చేయించమని అడగవచ్చు. ఆవిడ వయసుకి ఇది అన్నిటికంటే ముందు చూడాల్సింది. వంతు కావాలనుకుంటే మత్తయి 18 చెప్పిన వరుసలోనే, ముందు ఇద్దరే కూర్చుని, కుదరకపోతే ఇద్దరూ గౌరవించే ఒకరిద్దరు పెద్దల్ని పెట్టుకోండి. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో పౌలు సహోదరులు వ్యాజ్యానికి వెళ్లడాన్ని తప్పుపట్టి, మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని అడిగాడు. ఆ ఒక్కడు కొడుకు పక్షం, ఆడపిల్ల పక్షం కాకుండా కాగితం చదవగలిగినవాడై ఉండాలి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలు కూడా ఉంది, అక్కడ ఇచ్చిన అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఇవేవీ కుదరక గడువు దగ్గరపడితే దావా వేయడం పాపం కాదు, అయితే ఖర్చు, ఏళ్లు, అమ్మ కన్నీళ్లు అందులో ఉంటాయని తెలిసి వేయండి. ఏది చేసినా నోటీసు డిసెంబరులో పంపకండి.

ప్రయాణం సంగతి. ఫోన్ మాట జరగకుండా 25న నేరుగా గుమ్మంలో దిగితే ఇల్లంతా చుట్టాలు, పిండివంటలు, వచ్చేపోయేవాళ్లు. ఒక్క మాట తేడా వచ్చినా నలుగురిలో పడుతుంది, మళ్లీ సమాధి దగ్గర జరిగినట్టే. ఫోన్లో కాస్త మెత్తబడితే 26 తర్వాత, కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనకి ముందు ఒక రోజు చూసుకోండి. మధ్యాహ్నం పినాకిని రైలు ఎక్కితే సాయంత్రానికి ఒంగోలులో ఉంటారు. మొదటిసారి ఆ ఇంట్లో రాత్రి ఉండాలని పెట్టుకోకండి, రెండు గంటలు కూర్చుని, ఒక పూట అన్నం తిని, వేరే చుట్టాల ఇంట్లో పడుకోండి. ఆ రెండు గంటల్లో ఏ కాగితం మీదా సంతకం వద్దు. అతను మెత్తబడకపోతే ఈ ఏడాది వెళ్లకండి, అమ్మనే పండగ తర్వాత పది రోజులు చెన్నై పిలిపించుకోండి.

మీ వారిని బలవంతంగా వెంట తీసుకెళ్లకండి. ఆ రోజు ఫోన్లో మాటలు పడింది మీరొక్కరే కాదు, ఆయన భార్యని అన్నారు కాబట్టి ఆయనకీ తగిలింది. ఫోన్ చేయబోయే ముందు ఆయనకి చెప్పండి, అనుమతి కోసం కాదు, దాచకుండా ఉండటం కోసం. 'వాడు చేసింది ఒప్పని నేననడం లేదు, నకలు కూడా తీయిస్తున్నాను, నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను అంతే' అంటే ఆయనకి అర్థమవుతుంది.

మేనకోడలి గౌను కొనండి. తమ్ముడు ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా కొనండి. దాన్ని రాజీకి బేరంగా చేయకండి, దానితోపాటు పెద్దవాళ్లకి ఉత్తరం పెట్టకండి, పార్సిలు మీద పాప పేరే రాయండి. రెండేళ్లుగా చూడలేదు కాబట్టి కొలత మీకు తెలియదు. ఆ ఆదివారం మీ తప్పు మాట చెప్పాక, ఫోన్ పెట్టేసే ముందు, 'పాపకి గౌను ఏ సైజు పడుతుందిరా ఇప్పుడు?' అని తమ్ముణ్ణే అడగండి. అతను చెప్పకపోతే తొమ్మిదేళ్ల సైజు కాకుండా పదకొండేళ్లది తీసుకుని, నడుం దగ్గర కుట్టు వేయించండి. పాప పెరిగే కొద్దీ విప్పుకోవచ్చు.